గాలిసంచి అతుకు

అది మూసీ వరదకు ముప్పై ఎనిమిదో ఏడు. హైదరాబాదులో మూసీ పొంగిన ఏడాదే తుకారాం పుట్టాడు కనుక, గద్వాలలో ఆ నేతగాళ్ల ఇంట్లో ఏండ్లన్నీ ఆ వరద నుంచే లెక్క. వరదకు పదో ఏట తుకారాం చూపుడువేలు తెగింది. ఇరవైరెండో ఏట అతని భార్య భూలక్ష్మి కోడలుగా వచ్చింది. ముప్పై ఐదో ఏట తుకారాం ఇల్లు విడిచి, తెల్లవాళ్ల యుద్ధం కోసం విమానాలు దిగేందుకు వేస్తున్న గాలిమోటర్ల బయలులో పనికని ఎర్రగట్టుకు పోయాడు.

ఇక పెత్తరమాస మూడు రోజులుందనగా పెద్దకోడలు రామేశ్వరమ్మ మోదుగాకులు ముందర పోసుకుని, మూడు విస్తర్లు కుట్టాల్సిన చోట నాలుగు కుట్టింది.

ఏటా మూడే. మామకొకటి, అత్తకొకటి, ఆ పై పెద్దాయనకొకటి. ఇంటి పెద్దవాడు, తుకారాం అన్న రాజన్న పొద్దున్నే స్నానం చేసి, ఒక్కో పేరు చెప్పి ఒక్కో విస్తరిలో దోసెడు బియ్యం పోసి అయ్యగారికి ఇస్తాడు. పేరు పలికితే ఆ మనిషి పెద్దల్లో కలిసినట్టే.

భూలక్ష్మి కండెలు చుడుతున్న రాట్నం ఆపి విస్తర్ల వైపు చూసింది. లేచి వచ్చి పైదాన్ని తీసి పొయ్యి పక్కన పెట్టింది. రామేశ్వరమ్మ మళ్లీ తెచ్చి వాటి మీదే పెట్టింది.

"నాలుగోది ఎవరికక్కా?"

"నీకు తెల్వదా?"

"తెల్వకనే అడుగుతున్న."

రామేశ్వరమ్మ పుల్ల విరిచి ఆకు గుచ్చింది. "కలల కొస్తుండు. గడపకు అవతలనే నిలవడ్తడు. లోపలికి రమ్మంటె రాడు. వదినా, ఇంత అన్నం పెట్టు అంటడు. నెల దినాల సంది గిదే."

"బతికున్నోళ్లు గూడ కలలకొస్తరు."

"బతికున్నోడు కలల అన్నమడగడు, భూలక్ష్మీ. యాడనో ఓ కాడ తింటనే ఉంటడు."

రామేశ్వరమ్మది పగ కాదు. మూడేండ్ల పిల్లవాడుగా ఉన్నప్పటి నుంచి తుకారాంకు ముద్దలు కలిపి పెట్టిన చెయ్యి ఆమెది. ఆకలితో తిరిగే మరిదిని తలుచుకుంటే ఆమెకు ముద్ద దిగడం లేదు. అందుకే కులపెద్ద వెంకట్రాములు నిన్న వచ్చి, లడాయి అయిపోయి ఏడాది దాటింది, ఉత్తరం లేదు, మనిషి లేడు, ఈ పెత్తరమాసకు పేరు కలిపేయండి అని చెప్పినప్పుడు ఆమె అడ్డు చెప్పలేదు.

పేరు కలపడంతో అయిపోదు. పదో నాడు భూలక్ష్మి గాజులు పోతాయి. గాజుల్లేని చెయ్యి పెండ్లి చీర నూలు మీద పడకూడదని ఆ వీధిలో కట్టుబాటు. ఆ ఇంట్లో దూలానికి ఒక పెండ్లి చీర అచ్చు, దువ్వెన లాంటి పళ్ల మధ్య పాత నేత పోగుల కొసలు నిలిపిన చట్రం, మూడేండ్లుగా చుట్టి వేలాడుతోంది. తుకారాం పాత పోగులకు కొత్త పోగులు అతుకుతూ, సగంలో వదిలి లేచిపోయిన అచ్చు అది. మిగిలిన సగమూ తన చేతి మీదుగానే కావాలని భూలక్ష్మి ఏనాడో అనుకుంది. నూలు దొరకలేదు. ఇప్పుడు నూలు వచ్చింది. గాజులే పోయేట్టున్నాయి.

రాజన్న మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఆ వానాకాలం గుంటలోకి నీళ్లూరి, తోడి పోసినా తేమ ఆరలేదు. నేసేది లేకపోయినా ఆయన అక్కడే కూర్చునేవాడు. మాటలు వినపడనట్టు మగ్గం పలక మీద వేలితో గీస్తూ ఉండేవాడు.

ఆయనకు వినపడింది. తమ్ముడు పోయింది ఆయన మాట మీదనే. లడాయి నాడు నూలుకు కట్టడి వచ్చి, రెండు మగ్గాల ఇంటికి ఒక్క మగ్గం నూలే ఇచ్చినప్పుడు, ఒక సాయంత్రం అన్నం దగ్గర "ఒక్క మగ్గానికి ఇద్దరు మగోళ్లు ఎందుకు" అన్నాడు రాజన్న. అంతే అన్నాడు. తుకారాం చెయ్యి కడుక్కుని లేచాడు. నువ్వొచ్చి పిలిస్తేనే వస్తానని ఎర్రగట్టు నుంచి ఒక కార్డు రాయించాడు. రాజన్న పిలవలేదు. ఈ నెల పోదాం, వచ్చే నెల పోదాం అనుకుంటుండగానే లడాయి ముగిసింది.

ఆయన గుంటలోంచి లేచాడు.

"రేపటి బండికి ఎర్రగట్టు పోత," అన్నాడు. "చూసొచ్చినంక పేరు సంగతి."

రామేశ్వరమ్మ చేతిలో ఆకు ఆగింది. భూలక్ష్మి బావతో నేరుగా మాట్లాడే అలవాటు లేనిది. గుంజ వైపు తిరిగి, గుంజకు చెప్పినట్టు చెప్పింది.

"నేను గూడ వస్త."

*

రైలు కృష్ణ వంతెన మీద చాలాసేపు నడిచినట్టనిపించింది రాజన్నకు. కింద ఎర్రనీళ్లు. కిటికీ పక్కన భూలక్ష్మి చెంగు తల మీదికి లాక్కుని కూర్చుంది. వనపర్తి రోడ్డు స్టేషను దగ్గర లింగయ్య అనే ఆయన ఎడ్లబండి దొరికింది.

బావ బండి ముందు, మరదలు బండి వెనక. మధ్యలో సద్దిమూట. ఆమెకు దాహమైతే లింగయ్యతో అనేది. ఆయన ఆకలైతే ఎడ్లతో అనేవాడు. కొంతదూరం పోయాక లింగయ్యకు నవ్వొచ్చింది. మీ ఇద్దరి నడుమ మాటలు మొయ్యనీకె నా ఎడ్లు వేరే మేత అడుగుతయి అన్నాడు. భూలక్ష్మి చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మూడేండ్లలో ఆమె నవ్వడం రాజన్న వినలేదు. ఇప్పుడు చూడకుండానే విన్నాడు.

ఎర్రగట్టు దాటాక చేలు ఒక్కసారిగా ఆగిపోయాయి. ముందు తెల్లటి నేల మొదలైంది. ఎంత దూరమో తెలియని తెల్లటి గచ్చు, ఎండిన ఏరు లాగా, ఎండలో అలలు అలలుగా కదులుతూ. అవతలి కొసన మేకలు నేలకు జానెడు పైన తేలుతున్నట్టున్నాయి. గచ్చు పగుళ్లలో గడ్డి. గడ్డి మీద తెల్ల సీతాకోకలు. గాలిమోటర్లు లేవు, తెల్లసిపాయిలు లేరు, ఒక రేకుల కొట్టం మాత్రం తలుపు లేకుండా నిలబడి ఉంది. గచ్చు మీద ఆడవాళ్లు పెసరకాయలు ఎండబోశారు. ఆ సీమలో అంత పెద్ద కళ్లం ఏ దొరకూ లేదని లింగయ్య అన్నాడు.

చప్పుడు లేదు. గాలి ఉంది. నిద్రలో నడుస్తున్నట్టుంది రాజన్నకు.

నడుమ ఒక పొడుగాటి గుంజకు గుడ్డసంచి కట్టి ఉంది. రెండు కొసలా నోరున్న సంచి. గాలి ఒక నోట దూరి ఇంకో నోట పోతుంటే బారెడు పొడుగున ఉబ్బి, దక్షిణం వైపు చూపిస్తోంది. ఆగిపోయిన ఆ బయలులో అదొక్కటే పని చేస్తున్నట్టుంది.

ఆ గుడ్డ నడుమ ఒక ఎర్రంచు చూసి రాజన్న బండి దిగాడు. మనిషిని అడగలేదు, ఊరిలోకి పోలేదు. తిన్నగా గుంజ దగ్గరికి నడిచాడు.

మేకల వెంట ఉన్న ఒకాయన దగ్గరికి వచ్చాడు. పేరు మాసయ్య. ఈ గచ్చు కింద నా జొన్నచేను ఉంది అని తానే చెప్పుకున్నాడు. అది గాలిసంచి, గాలి ఎటో చూసి మోటర్లు దిగేటియి అన్నాడు. సంచిని జర దించు అని అడిగాడు రాజన్న. ఎందుకని మాసయ్య అడగలేదు. తాడు విప్పాడు. సంచి ఊపిరి వదిలినట్టు వదిలి, ముడుచుకుంటూ కిందికి దిగింది.

రాజన్న దాన్ని మోకాళ్ల మీద పరుచుకున్నాడు.

సంచి మధ్యలో ఒక అతుకు. కుట్టు కాదు. పాత గుడ్డ అంచు విప్పి పోగులు తీసి, కొత్త గుడ్డ అంచు విప్పి పోగులు తీసి, పోగుకు పోగు బూడిద అద్ది మెలేశారు. ఆ పైన సూదితో పేక, అడ్డపోగు, నడిపారు. దర్జీలకు రాని పని. మగ్గం మీద అచ్చు అతికేవాళ్లకే వస్తుంది. కొత్త గుడ్డకు ఎర్రంచు. తమ ఇంటి పంచె అంచు. ఇంకా వెలిసిపోలేదు.

ఆయన ఒక పోగును గోటితో విప్పి చూశాడు. మెలిక ఎడమకు తిరిగింది. ఇంకోటి. ఎడమకే.

గద్వాల అంతా వెతికినా ఎడమకు మెలేసే చెయ్యి ఒక్కటే. ఆ చెయ్యి అట్లా అయింది రాజన్న వల్లనే. వరదకు పదో ఏట ఆయన నూలు కోస్తూ కత్తిని పలక మీద వదిలేస్తే, పిల్లవాడు దాని మీద చెయ్యి వేశాడు. కుడి చూపుడువేలు మొదటి కణుపు దగ్గర తెగింది. అప్పటి నుంచి తుకారాం అతుకులన్నీ ఎడమచేత్తోనే.

"ఉన్నడు," అన్నాడు రాజన్న. ఇన్నేండ్లలో మొదటిసారి మరదలి వైపు నేరుగా చూశాడు. "వాడున్నడు బిడ్డా. ఇది మొన్న మొన్నటి అతుకు."

వచ్చినవాళ్లు ఎవరో మాసయ్యకు అప్పుడు తెలిసింది.

భూలక్ష్మి వచ్చి కూర్చుని సంచిని ఒళ్లోకి తీసుకుంది. అతుకు మీద వేలు పెట్టి ఈ కొస నుంచి ఆ కొసకు మెల్లగా నడిపించింది. పెదవులు కదులుతున్నాయి. లెక్కపెడుతున్నట్టుంది. కొస దాకా పోయి, మళ్లీ మొదటికి వచ్చి, మళ్లీ నడిపించింది.

"ఆఁ," అంది చివరికి. అంతే అంది.

సంతోషానికి మాట రాలేదనుకున్నాడు రాజన్న.

*

ముందు అన్నం తినమన్నాడు మాసయ్య. తమ్ముడు ఎక్కడున్నాడని రాజన్న రెండుసార్లు అడిగితే, పొద్దు గూకనియ్యి అన్నాడు రెండుసార్లూ. కూలికి పోయి ఉంటాడనుకున్నాడు రాజన్న. జొన్నరొట్టె ఆయనకు చాలా రోజుల తర్వాత రుచిగా ఉంది. మాసయ్య తల్లి ఎంకమ్మ భూలక్ష్మిని బావి దాకా తోడు రమ్మని తీసుకుపోయింది.

పొద్దు వాలే వేళకు గచ్చు బంగారు రంగుకు తిరిగింది. రాజన్న ఒక్కడే దాని మీద నడిచాడు. ఇన్ని అడుగులు ఎత్తుపల్లం లేకుండా నడవడం ఆయనకు కొత్త. తమ్ముడికి చెప్పాల్సిన మాట నోట్లో తయారు చేసుకుంటున్నాడు. ఇంటికి రా. రెండే మాటలు. మూడేండ్లుగా ఇంత బరువెందుకున్నాయో ఆయనకు అర్థం కాలేదు.

మాసయ్య భార్య హన్మమ్మ ఎండిన పెసరకాయలు చాటలోకి ఎత్తుకుంటోంది. ముప్పయ్యేండ్ల మనిషి. తెల్లటి రవికె వేసుకుంది. ఆ గుడ్డ పట్టులాగే ఉంది గాని పురుగు పట్టు కాదు. గాలిమోటర్లకెల్లి సిపాయిలు దూకే గొడుగుల గుడ్డ, పోతా పోతా వదిలిపోయిన్రు, ఊళ్లె ఆడోళ్లందరికీ అదే రవికె అని చెప్పింది. ఆ మాట చెప్పి చాట కింద పెట్టింది.

"అన్నా, ఒకటి చెప్త. కోపం చెయ్యకు."

"చెప్పు."

"ఆ అతుకు నాది."

రాజన్నకు అర్థం కాలేదు. ఆమె చెంగు కొస చించి రెండు పోగులు తీసింది. బూడిద లేక గచ్చు మీది సన్నని దుమ్ము వేలికి అద్దుకుంది. ఎడమ బొటనవేలు, ఎడమ చూపుడువేలు. ఒక్క తిప్పు. రెండు పోగులు ఒకటయ్యాయి. మెలిక ఎడమకు తిరిగింది.

"నీ తమ్ముడు నేర్పిండు. ఎడమచేత్తో నేర్పిండు, నాకు అట్లనే వచ్చింది. తెల్లోళ్లు పోయినంక అందరూ యాడోళ్లు ఆడ పోయిన్రు. ఆయన పోలె. మా కొట్టంలనే ఉన్నడు. ఇంటికి పోరాదే అని మా అత్త రోజూ గులిగేది. అన్నొచ్చి పిలిస్తె పోత అనెటోడు."

రాజన్న గుంజ వైపు చూశాడు.

"గాలిసంచి దించొద్దనెటోడు. దూరం నుంచి కనపడాలె, మా అన్న తొవ్వ తప్పుతడు అని. ఎండాకాలం జ్వరమొచ్చింది. తొమ్మిది దినాలు. మా ఆయన వనపర్తి సంతకు పోయేటోళ్లతోని కబురంపిండు. అందిందో లేదో."

అందలేదన్నట్టు రాజన్న తల అడ్డంగా కదిలింది.

హన్మమ్మ చూపిన వైపు, గచ్చు కొసన, తంగేడు పొదలు పూసి ఉన్నాయి. వాటి కింద రాళ్లు పేర్చి ఉన్నాయి. నాలుగు వైపులా సున్నం కొట్టిన రాళ్లు పెట్టారు. గాలిమోటర్లకు దారి చూపడానికి పాతిన రాళ్లలోంచి తెచ్చినవి. ఆయన అక్కడికి నడిచి ఒక రాయి మీద చెయ్యి పెట్టాడు. మేకలు ఊరి వైపు పోతున్న గంటల చప్పుడు వినపడింది.

"అన్నం తిన్నడా?" అని అడిగాడు చివరికి.

"గంజి తాగిండు. ఆఖరునాడు గూడ తాగిండు. మా అత్త తాపింది."

"ఆకలితోని పోలె."

"పోలే అన్నా."

ఆమె ఇంటికి పోయి మడత పెట్టిన గుడ్డ తెచ్చింది. ఎర్రంచు పంచెలో మిగిలిన సగం. తీసుకో అంది. రాజన్న దాన్ని ముట్టుకుని చూసి, మళ్లీ ఆమె చేతిలోనే పెట్టాడు.

"ఉంచుకో బిడ్డా. సంచి మల్ల చినుగుతది."

ఆమె తల ఊపింది. తర్వాత మెల్లగా, పెసర్లు ఇల్లు చేరినంక ఒకసారి గద్వాలకొచ్చి మగ్గం చూడొచ్చునా అని అడిగింది. ఆయన చెప్పినదంతా మగ్గం గురించేనట, కండ్లతో ఎప్పుడూ చూడలేదట. రా, అన్నాడు రాజన్న. అన్నాక గాని ఆ మాట ఎక్కడికి పోతుందో తట్టలేదు. ఈమె వస్తే నిజం ఈమె వెంటే వస్తుంది.

బావి వైపు నుంచి భూలక్ష్మి బిందె చంకన పెట్టుకుని వస్తోంది. పొద్దు వెలుగులో చేతుల గాజులు మెరుస్తున్నాయి. రాజన్న ముఖం తుడుచుకున్నాడు. ఈ పూట ఆమె ఉన్నాడనుకునే తిననీ, పడుకోనీ అనుకున్నాడు.

తెల్లారి తిరుగు దారిలో ఎవరూ ఎడ్లతో మాట్లాడలేదు. లింగయ్య రెండుసార్లు వెనక్కి తిరిగి చూసి ఊరుకున్నాడు. వెనక గాలిసంచి చిన్నదవుతూ పోయింది. ఒక మలుపు దగ్గర ఎడ్లకు నీళ్లు తాపడానికి లింగయ్య బండి ఆపి, వాటిని విప్పి తోలుకుని, బొక్కెన పట్టుకుని నీళ్ల దొనకు పోయాడు.

"బావా," అంది భూలక్ష్మి.

గుంజ లేదు, ఎద్దు లేదు. నేరుగా ఆయననే పిలిచింది.

"ఆయన నూటికొక పోగు కుడికి ఏసెటోడు. ఆ తెగిన వేలున్న చేత్తోనే. నొస్తదంటె, నూరు లెక్క తప్పకుండ గుర్తు అనెటోడు. ఎదురుంగ కూసోని పోగులు ఇచ్చేది నేను. ఆ సంగతి నాకు తప్ప ఇంకెవ్వరికి తెల్వదు."

రాజన్న చక్రం వైపు చూస్తున్నాడు.

"ఆ సంచిల మున్నూరు పోగులున్నయి. రెండుసార్లు చూసిన. ఒక్కటి గూడ కుడికి లేదు."

"నిన్ననే తెలిసిందా?"

"అతుకు చూసినప్పుడే. మీరు ఉన్నడన్నరు. మీ ముఖం చూసి చెప్పబుద్ధి కాలె. ఎంకవ్వ బావికాడ మిగతాది చెప్పింది. రాళ్లు చూపిచ్చింది."

ఒక రాత్రంతా ఒకే కప్పు కింద, ఆమె కోసం ఆయన, ఆయన కోసం ఆమె మాట మింగి పడుకున్నారు. రాజన్న కండువా కొసతో చక్రం మీది దుమ్ము తుడవసాగాడు. తుడిచినకొద్దీ దుమ్మే.

"నేనొచ్చి పిలవలె," అన్నాడు.

"పిలవలె," అంది ఆమె. తప్పుపట్టినట్టు లేదు, ఓదార్చినట్టూ లేదు.

కాసేపటికి ఆమే మళ్లీ అంది. "మిమ్ముల అబద్ధం చెప్పుమని అడగలేను బావా. మీకు చెప్పరాదు, నాకు తెలుసు. ఒక్కటే. ఆ అచ్చు ఆయన సగం అతికి పోయిండు. మిగతా సగం నా చేతితోని కావాలె. నా చెయ్యి ఆగిపోతె అది ఇంకొకరు కోసి పడేస్తరు. అది మగ్గం మీద ఎక్కి, చీర దిగినాక, గాజులు నేనే తీస్త. ఎవ్వరూ పగలగొట్టే పని లేదు."

"ఎన్ని దినాలు?"

"అతుకు నాలుగు. నేత నెల."

నెల రోజులుగా ఆకలితో తిరిగే మరిదిని కలలో చూస్తున్న మనిషి ఇంకొకతె ఇంట్లో ఉంది. రాజన్న ఆమెను గురించి అనుకున్నాడు. గంజి తాగి పోయాడన్న ఒక్క మాట చెబితే రామేశ్వరమ్మకు అన్నం దిగుతుంది. ఆ మాట చెబితే ఈమె గాజులు నిలవవు.

లింగయ్య ఎడ్లను తోలుకుని, ఖాళీ బొక్కెన ఊపుకుంటూ తిరిగి వచ్చాడు.

*

మర్నాడు పెత్తరమాస.

రాజన్న తెల్లవారకముందే నీళ్లు పోసుకుని తడిపంచెతో వచ్చి కూర్చున్నాడు. అయ్యగారు వచ్చి పీట మీద కూర్చున్నాడు. వెంకట్రాములు పిలవకుండానే వచ్చి గడప దగ్గర నిలబడ్డాడు. రామేశ్వరమ్మ మూడు విస్తర్లు పరిచింది. నాలుగోది చేతిలో పట్టుకుని నిలబడింది. రాత్రి ఆమె వంట చేసింది, కాళ్లకు నీళ్లిచ్చింది, మొగుడి ముఖం చూసింది. అంతే.

రాజన్న తండ్రి పేరు చెప్పి దోసెడు బియ్యం పోశాడు. తల్లి పేరు చెప్పి పోశాడు. తాత పేరు చెప్పి పోశాడు. నాలుగోసారి చాటలో చేతులు పెట్టాడు. దోసెడు తీశాడు. తీసి అట్లాగే పట్టుకున్నాడు.

"ఇంకెవరు?" అన్నాడు అయ్యగారు.

వేళ్ల సందుల్లోంచి గింజలు ఒకటీ రెండూ జారి పడ్డాయి. లోపలి గదిలో రాట్నం ఆగింది.

"పోయొచ్చినవు గద రాజన్నా. ఏం చూసినవు?" అన్నాడు వెంకట్రాములు.

రాజన్న తల ఎత్తాడు.

"అతుకు చూసిన," అన్నాడు. "ఎడమ మెలిక. మూడు నెల్లు గూడ కాలేదు ఏసి."

ఇంకేమైనా అంటాడేమోనని అందరూ చూశారు. ఆయన దోసెట్లో బియ్యం మళ్లీ చాటలోకి ఒంపాడు. చేతులు దులుపుకుని లేచాడు. దూలానికి వేలాడుతున్న అచ్చు దించాడు. మూడేండ్ల దుమ్ము రాలింది. తడిపంచెతోనే మగ్గం గుంటలోకి దిగి, తేమ నేల మీద కాళ్లు ఆనించి, అచ్చు విప్పి పరిచాడు. తమ్ముడు వదిలిన చోటు వెతికాడు. ఆఖరి మెలిక మీద బూడిద ఇంకా ఉంది.

భూలక్ష్మి వచ్చి ఎదురుగా కూర్చుంది. ఆ చోటు ఆమెదే. రెండు పోగులు ఏరి పట్టుకుంది. రాజన్న కుడిచెయ్యి చాచి, చాచిన చేతిని వెనక్కి తీసుకుని, ఎడమది చాచాడు. నలభై ఏండ్లు కుడికి మెలేసిన మనిషి. మొదటి పోగు జారింది. రెండోది జారింది. మూడోది నిలిచింది.

వెంకట్రాములు కాసేపు చూసి, వచ్చే అమాస దాక చూద్దాం అని గొణిగి పోయాడు. అయ్యగారు మూడు విస్తర్ల బియ్యం మూట కట్టుకున్నాడు.

గుంటలో గాజులు చిన్నగా కదిలిన చప్పుడు, మళ్లీ చిన్నగా కదిలిన చప్పుడు. పొద్దు గవాక్షంలోంచి దిగి నూలు మీద పడింది. తెల్లటి నూలు తెల్లటి గచ్చులా దూరం దాకా పోతున్నట్టుంది రాజన్నకు.

నూరో పోగు దగ్గర భూలక్ష్మి చెయ్యి ఆగింది. ఆ పోగును ఆమె రాజన్న ఎడమచేతికి ఇవ్వలేదు. కుడిచేతి ముందు పట్టింది.

రాజన్న కుడిచేతి చూపుడువేలు మడిచి దాచాడు. బొటనవేలికీ నడిమివేలికీ మధ్య పోగు పట్టి, కష్టంగా, కుడికి మెలేశాడు.

గుమ్మంలో నిలబడ్డ రామేశ్వరమ్మ చూసింది. ముందు ఆ ఎడమచెయ్యి చూసింది. ఆ తర్వాత మడిచిన ఆ వేలు చూసింది. ఆ వేలికి పసుపు పెట్టి గుడ్డ కట్టిన రోజు ఆమెకు గుర్తుంది. ఆ వేలు ఇక ఇంటికి రాదని ఆమెకు తెలిసింది.

నాలుగో విస్తరి ఆమె చేతిలోనే ఉంది. దాన్ని నేల మీద పరవలేదు. పొయ్యిలోనూ పెట్టలేదు.